కడుపు నిండినా చేయి ఆగడం లేదు, మనోనిగ్రహం పెంచుకోవడం ఎలా?

ఆకలి తీరాక కూడా తింటూనే ఉండే అలవాటును తగ్గించుకోవడానికి మనసును ఎలా అదుపులో పెట్టుకోవాలని మీరు అడిగారు. నా అనుభవంలో నిగ్రహాన్ని వడ్డించుకోకముందే వాడుకోవాలి. ముద్ద నోటి దగ్గరకు వచ్చాక దానితో పోరాడి గెలిచిన రోజులు నాకు చాలా తక్కువ.

మన భోజనం తీరులోనే కొంత చిక్కు ఉంది. పప్పులోకి కొంత, కూరలోకి కొంత, చారులోకి కొంత, చివరకు పెరుగులోకి కొంత అంటూ ప్రతిసారీ కొత్తగా అన్నం పెట్టుకుంటాం కనుక మొత్తం మీద ఎంత తిన్నామో తెలియదు. అందుకని నేను తినదలచిన అన్నమంతా మొదటే కంచంలో పెట్టుకుని, గిన్నెను వంటింట్లోనే వదిలి వచ్చి కూర్చుంటాను. పప్పులోకి ఎక్కువ కలిపేసుకుంటే పెరుగులోకి మిగలదన్న సంగతి కళ్ల ముందే కనిపిస్తూ ఉండటంతో, ఎవరూ చెప్పకుండానే చేయి వెనక్కు తగ్గుతుంది. కొత్తావకాయ కలిపిన రోజుల్లో మాత్రం ఈ లెక్క తప్పుతుంది, దానికి నా దగ్గర మందు లేదు.

మారు వడ్డించుకోవాలనిపిస్తే వద్దని భీష్మించుకోను. చేయి కడుక్కుని, కాసేపాగి చూద్దామనుకుంటాను. పొట్ట నిండిన కబురు పేగుల్లో విడుదలయ్యే హార్మోన్ల ద్వారా మెదడుకు అందడానికి సుమారు 20 నిమిషాలు పడుతుందంటారు, గబగబా తినేవారు ఆ లోపే రెండో వడ్డన కూడా ముగించేస్తారు. ఆ వ్యవధి గడిచాక లేచి వెళ్లి మళ్లీ అన్నం పెట్టుకున్న సందర్భాలు నాకు అరుదు.

చిరుతిళ్ల విషయంలో అవి కంటికి కనబడటమే అసలు శత్రువు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ చిన్నపిల్లలపై జరిపి 1970లో ప్రచురించిన ప్రయోగంలో, తినుబండారం కళ్లెదుట ఉన్నప్పటికంటే కనబడకుండా ఉంచినప్పుడే పిల్లలు చాలా ఎక్కువసేపు ఓపిక పట్టారు. మా ఇంట్లో జంతికల స్టీలు డబ్బా ఇప్పుడు అటక మీద ఉంటుంది. స్టూలు వేసుకుని ఎక్కేటంత ఆకలి నిజంగా ఉంటే తినవచ్చన్నది నేను పెట్టుకున్న షరతు. తినేటప్పుడు నాలుగు జంతికలు ఒక చిన్న పళ్లెంలోకి తీసుకుని డబ్బా మూత పెట్టేస్తాను, టీవీ ముందుకు డబ్బాతో వెళ్లను. మధ్యాహ్నం సరిగా తినని రోజున, రాత్రి నిద్ర చాలని మర్నాడు ఈ కట్టుబాట్లన్నీ సడలిపోతాయి కాబట్టి, ఆ రెంటినీ ముందు సరిచూసుకోండి.

చుట్టాలింట్లో కొసరి కొసరి వడ్డిస్తుంటే ఏం చేయాలన్నది వేరే సమస్య. ‘చాలండి’ అంటే ఎవరూ వినరు గానీ, ‘పెరుగు వేసేసుకున్నాను పిన్నీ’ అంటే మళ్లీ కూర గరిటె ఎత్తేవారు ఉండరు. అందుకే అక్కడ నేను పెరుగును కాస్త ముందుగానే అడుగుతాను.

ఆపుకోలేనంతగా, ఎవరికీ తెలియకుండా తినడం, తిన్నాక తీవ్రంగా బాధపడటం మీకు తరచూ జరుగుతున్నట్లయితే ఈ చిట్కాలు చాలవు. దానికి చికిత్స ఉంది, మానసిక వైద్యుణ్ణి కలవండి.