7,000 పౌండ్ల ట్రైలర్ మన ట్రాక్టర్‌ని మోస్తుందా?

ప్రశ్న: ఆస్టిన్‌కి ఉత్తరాన లిబర్టీ హిల్ దగ్గర పదెకరాలు కొన్నాం. 40 హార్స్‌పవర్ ట్రాక్టర్ ఉంది, ముందు లోడర్, వెనక గడ్డి కోసే రోటరీ కట్టర్. సర్వీసింగ్‌కీ, అప్పుడప్పుడు మా బావగారి పొలానికీ తీసుకెళ్ళాలి. "మీ ట్రాక్టర్ 3,600 పౌండ్లే కదా, 7,000 పౌండ్ల ట్రైలర్ చాలు" అంటున్నాడు అమ్మేవాడు. మాది హాఫ్ టన్ పికప్ (పెద్ద పికప్‌లలో తేలిక రకం). తీసేసుకోమంటారా?
- ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: వద్దండీ. ఆ 7,000లో ట్రైలర్ సొంత బరువు కూడా ఉంది. అదే 2,000 దాకా తూగుతుంది, ఇక మీకు మిగిలేది ఐదు వేలు. 3,600 అంటే ఒట్టి ట్రాక్టర్ బరువు. లోడరూ బకెట్టూ కలిపి ఓ వెయ్యి, కట్టర్ ఆరేడు వందలు, పట్టు కోసం వెనక టైర్లలో నీళ్ళు నింపించి ఉంటే (ఈ సంగతి చాలామంది మర్చిపోతారు, గ్యాలన్ నీళ్ళే 8.3 పౌండ్లు) ఇంకో ఏడెనిమిది వందలు. ఆరువేల దగ్గరికి వచ్చేసిందా? నా లెక్క మీద నమ్మకం లేకపోతే పెద్ద ట్రైలర్ ఒకరోజు అద్దెకి తెచ్చి లారీల కాటా మీద తూయించండి.

మీకు 10,000 పౌండ్లది, రెండు ఇరుసులకీ ఎలక్ట్రిక్ బ్రేకులు ఉన్నది సరిపోతుంది. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 దాటితే ట్రైలర్‌కి బ్రేకులు ఉండాలి, మీది దానికి రెట్టింపు. 14,000ది ఇంకా గట్టిది కదా అనిపిస్తుంది, కానీ ఆ అదనపు ఇనుమునీ మీ ట్రక్కే లాగాలి. అసలు టెన్షన్ ట్రక్కు గురించే పడాలి. లోడైన ట్రైలర్ తొమ్మిదివేలు ఉంటే అందులో పది నుంచి పదిహేను శాతం హిచ్ (ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే చోటు) మీద పడుతుంది, అంటే తక్కువలో తక్కువ 900. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసిన మోతలోంచి అది తీసేయండి, మిగిలిందాంట్లోనే మీరూ, పిల్లలూ, టూల్ బాక్సూ. హిచ్ మీద కూడా ఒక స్టిక్కర్ ఉంటుంది, అదీ చదవండి. హిచ్ మీద బరువు తగ్గించుకుందామని ట్రాక్టర్‌ని మరీ వెనక్కి పెట్టారో, హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది.

పొడవు 20 అడుగులు తీసుకోండి, ట్రాక్టర్‌ని ముందుకీ వెనక్కీ జరిపి బరువు సర్దుకోవడానికి చోటుంటుంది. వెడల్పు మాత్రం టేపు పెట్టి కొలవండి, మడ్‌గార్డుల మధ్య సాధారణంగా 82 అంగుళాలు ఉంటుంది, కట్టర్ పెద్దదైతే ఇరుక్కుంటుంది. ట్రక్కుకి తగిలించకుండా ట్రాక్టర్ ఎక్కించొద్దు, వెనక బరువు పడగానే ట్రైలర్ ముక్కు పైకి లేస్తుంది. కట్టడానికి గ్రేడ్ 70 గొలుసులు (సరుకు కట్టడానికి వాడే గట్టి రకం), నాలుగు మూలలా. బకెట్టుకీ కట్టర్‌కీ విడిగా.

సెకండ్ హ్యాండ్‌ది చూస్తుంటే రంగు చూసి మురిసిపోకుండా టైర్ పక్కన ఉండే నాలుగంకెలు చూడండి: 2316 అని ఉంటే 2016లో ఇరవైమూడో వారం తయారైనదని. అంత పాత టైర్లు మార్చే ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి.