పాత లెక్కల్లో మన పట్నం: ముందు బాకీల పట్టీ తీయండి

ప్రశ్న ఇది: "నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్ల పాత మున్సిపల్ లెక్కల్లో పందొమ్మిదో శతాబ్దపు పట్నం బతుకు ఏమైనా కనబడుతుందా? చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

కనబడుతుంది, చాలా కనబడుతుంది. అయితే మున్సిపాలిటీ పేరుతో వెతికితే మాత్రం మీ చేతికి ఏమీ రాదు. కోస్తా వైపు ఇంగ్లీషు వాళ్ల ఇలాకాలో 1865లో మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం వచ్చింది, మరుసటి ఏడాదికే బందరు, గుంటూరుల్లో మున్సిపాలిటీలు పెట్టారు. ఇవతల నిజాం రాజ్యంలో 1869లో హైదరాబాద్ నగరానికి సఫాయి, రోడ్ల కోసం ఒక శాఖ ఏర్పడింది గానీ జిల్లా ఊళ్ల వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. మా నల్గొండకు మున్సిపాలిటీ వచ్చింది 1941లో. కాబట్టి మీరడిగే కాలంలో ఊరి రాబడి, ఖర్చు అంతా మాల్ (భూమిశిస్తు) లెక్కల్లో, కరోడ్‌గిరీ (సరుకుల సుంకం) లెక్కల్లో, ఆబ్కారీ (కల్లు, సారా) గుత్తల్లో చెదిరి ఉంటుంది. శతాబ్దం చివర్లో లోకల్ ఫండ్ లెక్కలు కూడా చేరాయి. భూమిశిస్తు రూపాయికి ఒక అణా చొప్పున పైన వసూలు చేసిన సెస్సే ఆ ఫండ్‌కు ఆధారం. రోడ్లు, బడుల లాంటి స్థానిక ఖర్చులు అందులోంచి నడిచేవి.

నేను లోకల్ ఫండ్ ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మ పుట్టింటి వాళ్లది దేవరకొండ వైపు పట్వారీ కుటుంబం. వాళ్లింట్లో అటక మీద ఎర్రగుడ్డలో కట్టిపెట్టిన చిట్టాలు, ఆవర్జాలు (రోజు లెక్కలు, ఖాతా లెక్కల పుస్తకాలు) చూస్తూ పెరిగాను. ఉద్యోగం మానాక వాటిని పట్టుకుని చదవడం, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లి జిల్లా కాగితాలు చూడడం పనిగా పెట్టుకున్నాను. ఆ అనుభవంతో మీకు చెప్పేది ఒక్కటే. మొదట జమ చూడకండి, బాకీ చూడండి. జమ వైపు ఉండేది సర్కారు కోరుకున్నది, దానికి దక్కింది. ఊరు ఎలా బతికిందో బాకీ వైపు రాసి ఉంటుంది.

కొంచెం వెనక్కి వెళ్తే ఇది బాగా అర్థమవుతుంది. 1853లో సాలార్‌జంగ్ నిజాం దగ్గర దివాన్ (ప్రధానమంత్రి) అయ్యే నాటికి తాలూకాలను గుత్తకిచ్చే పద్ధతి నడుస్తోంది. తాలూక్‌దారుకు, అంటే గుత్త పట్టినవాడికి, వసూలైన రూపాయికి రెండణాలు మిగిలేవి. వాడు ఎవరి దగ్గర ఎంత గుంజాడో సర్కారుకు అక్కర లేదు, కాబట్టి రాయించే అవసరమూ లేదు. 1865లో జిలాబందీ జరిగి జిల్లాలు, జీతం మీద పనిచేసే అధికారులు వచ్చాక రోజువారీ సియాహా (జమాఖర్చు), వసూల్ బాకీ (ఎంత వచ్చింది, ఎంత ఆగింది), ఫైసల్ పట్టీ (ఏటా తేల్చిన శిస్తు) లాంటి కాగితాలు పద్ధతిగా పుట్టాయి. ప్రతి బాకీకీ పై ఆఫీసుకు కారణం చెప్పాలి. ఆ కారణం గడి మనకు నిజమైన నిధి.

అందులో ఎక్కువగా కనిపించేవి మూడు మాటలు: ఫౌతీ, ఫరారీ, నాదారీ. ఫౌతీ అంటే మనిషి చనిపోయాడు. ఇప్పటికీ మన తహశీల్ ఆఫీసుల్లో ఫౌతీ అంటే తెలియని వాళ్లుండరు. ఫరారీ అంటే ఊరు విడిచిపోయాడు. నాదారీ అంటే మనిషి ఊళ్లోనే ఉన్నాడు, ఇవ్వడానికి ఏమీ లేదు. ఈ మూడూ ఏ ఏడు ఎక్కువయ్యాయి, ఏ వాడలో ఎక్కువయ్యాయి అని వరసగా చూసుకుంటూ పోతే చరిత్ర పుస్తకాల్లో రెండు వాక్యాల్లో ముగిసే సంగతి మనుషుల పేర్లతో కళ్ల ముందుకొస్తుంది.

1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువునే తీసుకోండి. మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. పాలమూరు సహా రాజ్యపు దక్షిణ భాగాన్ని అది గట్టిగా కొట్టింది. ఆ ఏళ్లు ఫసలీలో, అంటే సర్కారు శిస్తు లెక్కల సంవత్సరాల్లో, 1286, 1287. మా వాళ్ల చిట్టాల్లో ఆ కాగితాలు తిప్పుతుంటే మొదట నాదారీలు పెరుగుతాయి. తర్వాత అవే పేర్ల ఎదురుగా ఫరారీ అని పడుతుంది. ఆ పైన కొన్నిటికి ఫౌతీ. ఈ క్రమం గమనించండి: ముందు అప్పు పుట్టక ఆగారు, ఆగలేక కదిలారు, కదలలేని వాళ్లు పోయారు. రాసిన పట్వారీ బాధతో రాయలేదు, పై ఆఫీసుకు జవాబు చెప్పుకోవడానికి రాశాడు. అందుకే నాకు ఆ రాత మీద అంత నమ్మకం. పాలమూరు కూలీలు పొట్ట చేతపట్టుకుని దేశమంతా తిరగడం గురించి ఇవాళ మనం మాట్లాడుకుంటాం గదా, ఫరారీ గడి చదివినవాళ్లకు ఆ నడక ఎంత పాతదో తెలుస్తుంది. ఈ పేర్లు ఒక్కసారైనా ఎవరో ఒకరు గట్టిగా చదవాలని నాకుంటుంది. చాలామందికి ఆ గడి తప్ప ఇంకెక్కడా ఆనవాలు లేదు.

గత్తర (కలరా) వచ్చిన ఏడు కూడా బాకీల్లో తెలుస్తుంది, కాకపోతే పద్ధతి వేరు. నాదారీ పెరగకుండానే ఒక్కసారిగా ఫౌతీలు వస్తాయి, అదీ ఒకే వాడలో. సాలార్‌జంగ్ అంతటివాడే 1883లో గత్తరతో పోయాడు. ఇక మంచి బావి లేని వాడల సంగతి ఊహించుకోండి.

ఊరి జనం ఎవరెవరో తెలియాలంటే మొతర్ఫా పట్టీలు చూడాలి. భూమి మీద కాకుండా వృత్తి మీద వేసిన పన్ను అది. మగ్గానికింత, గానుగకింత, దుకాణానికింత అని ఉంటుంది. సాలె, గాండ్ల, కుమ్మరి, మేర, కంసాలి, దూదేకుల ఇళ్లు వరసగా కనబడతాయి కాబట్టి ఒక వీధిలో ఎవరి పక్కన ఎవరున్నారో కూడా కొంతవరకు పట్టుకోవచ్చు. నారాయణపేట, గద్వాల, పోచంపల్లి లాంటి నేత ఊళ్ల మీద పనిచేసేవాళ్లు మగ్గాల పట్టీలను ఏడాది పక్కన ఏడాది పెట్టుకుని చదవాలి. మిల్లు బట్ట దెబ్బ ఏ ఇంటికి ఎప్పుడు తగిలిందో అక్కడ బయటపడుతుంది.

కరోడ్‌గిరీ అంటే సరుకుల మీద సుంకం. 1802లో ఇంగ్లీషు వాళ్లతో చేసుకున్న ఒప్పందం ప్రకారం నూటికి అయిదు. బందరు వైపు నుంచి ఉప్పు లంబాడీల పెరికెడ్ల (బరువులు మోసే ఎడ్ల) మీద మన జిల్లాలకు వచ్చేది, తిరుగు ప్రయాణంలో ధాన్యం పోయేది. 1889 నాటికి సికింద్రాబాద్ నుంచి బెజవాడకు రైలు పడింది. అది భువనగిరి, ఆలేరు మీదుగా పోయింది, నల్గొండ ఊరికి రాలేదు. రైలు రావడానికి నల్గొండ ఇంకో వందేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ రైలు తర్వాతి సుంకం లెక్కల్లో సరుకు ఏ దారిన వస్తోందో, ఎవరి పేరు మీద వస్తోందో చూడండి. తండాల్లో స్థిరపడక ముందు లంబాడీలు చేసిన వ్యాపారం ఎలా ముగిసిందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

ఆబ్కారీ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అది ఒక పుస్తకానికి సరిపడా విషయం. భూమిశిస్తు తర్వాత సర్కారుకు వచ్చే పెద్ద రాబడుల్లో అదొకటి. కల్లు గుత్త హర్రాజు (వేలం) కాగితాల్లో ఎవరు పాడారో, ఎవరు జామీను నిలబడ్డారో ఉంటుంది. ఊళ్లో డబ్బు ఎవరి చేతిలో ఉందో జామీను పేర్లు చూస్తే తెలుస్తుంది. కల్లు గీసిన మనిషి పేరు మాత్రం అందులో అరుదు.

నాణేల విషయంలో జాగ్రత్త. లెక్కలో రూపాయి అని ఉంటే అది హాలీ సిక్కానా, కల్దారా అని ముందు తేల్చుకోవాలి. హాలీ సిక్కా నిజాం రూపాయి. కల్దార్ అంటే ఇంగ్లీషు రూపాయి, హాలీ కంటే విలువైనది. వాటి మధ్య మారకం ఎప్పుడూ ఒకేలా లేదు. పైగా గద్వాల, వనపర్తి సంస్థానాల నాణేలు వేరే ఉండేవి. శిస్తు కట్టడానికి వచ్చిన రైతు దగ్గర సరాఫు (నాణేలు మార్చేవాడు) వట్టం, అంటే మారకపు కోత, తీసుకునేవాడు. ఆ వట్టం సర్కారు లెక్కలోకి రాదు, రైతు నష్టంలోకి వస్తుంది. సాహుకారు ఇళ్ల బహీలు (ఖాతా పుస్తకాలు) దొరికితే రెండూ కలిపి చదవండి.

ఇక ఎంత వెతికినా లెక్కల్లో దొరకనిది వెట్టి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. అధికారి దౌరాకు (ఊళ్ల పర్యటనకు) వచ్చాడనుకోండి. ఆయన బత్తా లెక్కలో ఉంటుంది. డేరా మోసిన బేగారీలు (వెట్టివాళ్లు), కట్టెలు కొట్టినవాళ్లు, కుండలు తెచ్చిచ్చిన కుమ్మరి, కోడిని ఇచ్చిన ఇల్లు, నీళ్లు మోసి వాకిళ్లు ఊడ్చిన ఆడవాళ్లు, వీళ్లకు పైసా పోలేదు కాబట్టి పద్దు లేదు. ఆడిట్‌లో మేము ఓచర్ లేని ఖర్చు పట్టుకునేవాళ్లం. ఇక్కడ ఖర్చే లేని పని పట్టుకోవాలి. అందుకు నేను చేసేది ఒకటుంది: దౌరా తేదీలు తీసుకుని ఆ రోజుల్లో బండి కిరాయి, కూలి, కట్టెలు, గడ్డి కింద ఏమైనా రాశారా అని చూస్తాను. పెద్ద మందితో క్యాంపు వేసినట్టు తెలిసి కూడా ఆ పద్దులు ఖాళీగా ఉన్నాయంటే ఆ బరువు ఎవరు మోశారో తెలిసినట్టే. చెరువు పనుల్లో మాత్రం ఒడ్డెరలకు మట్టిపని కూలి పడిన లెక్కలుంటాయి, అవి వదలకుండా చూడండి.

చదవడం గురించి. 1880ల దాకా కచేరీ భాష ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ. రాత గొలుసు రాత, అంకెలు మామూలు అంకెలు కావు, రఖం అనే ప్రత్యేక పద్ధతిలో ఉంటాయి. నాకు ఒక పెద్దాయన, పాత కచేరీ గుమాస్తా కొడుకు, ఓపికగా నేర్పారు. "పేర్లు తర్వాత చూద్దువు బిడ్డా, ముందు రఖం గుర్తుపట్టు, కాగితం అదే నోరు విప్పుతది" అనేవారు. ఆయన మాట నిజం. మొత్తం కలిసిందా లేదా అని చూసుకుంటే చదివింది సరైందో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది. ఊరి పట్వారీ చిట్టాలు మాత్రం తెలుగులో గొలుసుకట్టుగా ఉంటాయి. వాటిల్లో పావు, పరక, వీసం లాంటి భాగాలకు గీతల గుర్తులున్నాయి, అన్నీ నాలుగు లెక్కన నడుస్తాయి. రూపాయికి పదహారణాలు గనుక అది అణాలకు చక్కగా సరిపోతుంది, వీసం అంటే రూపాయిలో అణా వంతే.

ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది 1890 డిసెంబర్ 4న, అంటే 1300 ఫసలీలో. అంతకు ముందరి జిల్లా కాగితాలు నాగర్‌కర్నూల్ పేరు మీద వెతకండి, జిల్లా కేంద్రం మొదట అక్కడే ఉండేది. వనపర్తి, గద్వాల, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానాల ఊళ్లయితే లెక్కలు సంస్థానం కచేరీలో రాసినవి, సర్కారు ఫైళ్లలో పేష్‌కష్ (నిజాంకు కట్టే కప్పం) మొత్తం తప్ప ఎక్కువ ఉండదు.

తార్నాక వెళ్లే ముందు మీ ఊళ్లో పాత పట్వారీ, సాహుకారు ఇళ్లు ఒకసారి అడిగి రండి. 1985 ప్రాంతంలో పట్వారీ వ్యవస్థ పోయాక చాలా ఇళ్లలో అవి ఎవరికీ పట్టని కట్టలయ్యాయి. చెదలు తినకముందే ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, అట్ట మీది ఫసలీ, ఊరి పేరు పడేలా. మొదట 1286, 1287 వసూల్ బాకీ ఉందేమో చూడండి. దొరికి, రఖం అర్థం కాకపోతే ఒక పేజీ ఇక్కడ పెట్టండి, కూర్చుని చదివి చెప్తాను.