సుంకాల చర్చలకు వెళ్తున్న అమ్మాయికి

చెన్నై

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వాణిజ్య ఒప్పందాల చర్చలు జరిపే బృందంలోకి నిన్ను తీసుకున్నారని మీ నాన్న చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. నేను రాజాజీ సాలైలోని కస్టమ్ హౌస్‌లో ఉద్యోగం చేసినంతకాలం, ఢిల్లీలో కుదిరిన ప్రతి ఒప్పందమూ చివరికి ఒక బిల్ ఆఫ్ ఎంట్రీగా (దిగుమతిదారు దాఖలు చేసే పత్రం), దానికి జతచేసిన సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌గా (సరుకు ఏ దేశపుదో చెప్పే ధ్రువపత్రం) మా బల్ల మీదికి వచ్చేది. సంతకాలు చేసినవారి ఉద్దేశం ఏమిటో మాకు తెలిసేది కాదు గాని, వారు రాసిన మాటలు సరుకు దగ్గరికి వచ్చేసరికి ఎలా పనిచేస్తాయో రోజూ చూశాము.

ఇచ్చిపుచ్చుకోవడాన్ని సుంకాల శాతాలతో కాకుండా, ఆ శాతాల కింద నిజంగా కదిలే సరుకుతో కొలవడం నేర్చుకో. మనం ఒక్క కంటైనరు కూడా పంపని వస్తువు మీద అవతలి దేశం సుంకం ఎత్తివేసి, బదులుగా మన పాడి రైతు బతుకుతెరువు మీద రాయితీ అడిగితే, కాగితం మీద రెండు పక్కలా చెరొక లైను కనిపిస్తుంది గాని మనకు దక్కేదేమీ ఉండదు. మొత్తం సగటులను పోల్చడం ఇంకా ప్రమాదకరం. 2023లో మన సగటు సుంకం సుమారు 17 శాతం, అమెరికాది 3.3 శాతం. అయితే 2025 ఏప్రిల్ 2న అమెరికా పరస్పర సుంకం పేరుతో మన మీద ప్రకటించిన 26 శాతం ఈ సగటుల నుంచి వచ్చింది కాదు; సరుకుల వ్యాపారంలో మనతో తమకున్న లోటును మన దగ్గర చేసుకున్న దిగుమతుల విలువతో భాగించి, వచ్చినదాంట్లో సగం తీసుకున్నారు. కాబట్టి ఎవరు ఏ అంకె చెప్పినా, అది ఎలా వచ్చిందో అడిగి తెలుసుకున్న తరువాతే జవాబు చెప్పు.

ఒకరికిచ్చిన రాయితీ అందరికీ వర్తించాలన్న నియమం 1947లో జెనీవాలో మనతో సహా 23 దేశాలు సంతకం చేసిన గాట్ (సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం)లోని మొదటి అధికరణం. ఒక్క దేశానికే రాయితీ ఇవ్వాలంటే 24వ అధికరణం ప్రకారం ఇద్దరి మధ్య దాదాపు మొత్తం వాణిజ్యాన్ని కలుపుకునే ఒప్పందం చేసుకోవాలి. నాలుగు వస్తువులు మాట్లాడుకుని లేచిపోదామని ఎవరైనా తొందరపెడితే ఈ సంగతి గుర్తుచేయి.

చర్చ మొదలయ్యే ముందే ఏ తేదీ నాటి, ఏ రేటు నుంచి తగ్గింపులు లెక్కించాలో రాతపూర్వకంగా తేల్చుకో. ప్రపంచ వాణిజ్య సంస్థలో మనం ఇంతకు మించి వేయమని కట్టుబడిన బౌండ్ రేట్ల సగటు 50 శాతం పైచిలుకు. మనం నిజంగా వసూలు చేసేది అందులో సగం కూడా ఉండదు. బౌండ్ రేటు నుంచి తగ్గిస్తామని చెప్పే దేశం వసూళ్లలో ఒక్క రూపాయి వదులుకోకుండానే ఉదారంగా కనిపించగలదు. తేదీ తేల్చకపోతే, చర్చలకు ముందు సుంకం పెంచి, తరువాత ఆ పెంపునే తగ్గించి రాయితీగా చూపేవారూ ఉంటారు.

ఇక మనం అడగవలసినవాటి గురించి. వీటిని ఆఫీసులో కూర్చుని తయారు చేయకు. ఆంబూరుకో రాణిపేటకో వెళ్లి, బూట్ల కర్మాగారంలో ఒక పూట నిలబడి చూడు. తోలు పైభాగమున్న బూటు, సరుకులకు అంకెల కోడ్లు ఇచ్చే అంతర్జాతీయ హెచ్ఎస్ పట్టికలో 6403 శీర్షిక కిందికి వస్తుంది; దాని పైభాగం, అడుగు వంటి విడిభాగాలు 6406 కిందికి వస్తాయి. బ్రిటన్‌తో 2025 జూలై 24న సంతకమైన ఒప్పందంలో, తోలు వస్తువులు, పాదరక్షల మీద 16 శాతం దాకా ఉన్న సుంకాన్ని ఎత్తివేయడానికి వారు ఒప్పుకున్నారు. ఇటువంటి సున్నా మన తయారీదారుకు నిజంగా అందుతుందా లేదా అన్నది, ఏ సరుకును ఏ దేశపుదిగా లెక్కించాలో చెప్పే మూలస్థాన నిబంధనలు తేలుస్తాయి. ఐరోపా సమాఖ్య రాసుకునే నిబంధనల్లో సాధారణంగా, పైభాగాన్ని లోపలి అడుగుతో కలిపి బిగించిన కూర్పు బయటి దేశం నుంచి తెచ్చి బూటు చేస్తే రాయితీ రాదని ఉంటుంది. విడిగా అడుగులు తెచ్చుకుంటే అభ్యంతరం ఉండదు. కర్మాగారంలో ఏ ముక్క ఎక్కడి నుంచి వస్తోందో, ఏ బల్ల దగ్గర దేనితో కలుస్తోందో చూసినవారికే ఇటువంటి వాక్యం ఎవరిని బతికిస్తుందో, ఎవరిని వదిలేస్తుందో అర్థమవుతుంది.

ఇదే నిబంధన మన వైపు వదులుగా ఉంటే ఏమవుతుందో శ్రీలంక ఒప్పందం చూపించింది. 1998 డిసెంబరులో సంతకమై 2000 మార్చి 1 నుంచి అమలైన ఆ ఒప్పందం వల్ల ఎన్నో మేళ్లు జరిగాయి. అయితే పామాయిల్ మీద మన సుంకం ఎక్కువగా, వారి సుంకం తక్కువగా ఉండటంతో, వ్యాపారులు అక్కడ పామాయిల్‌తో వనస్పతి చేసే కర్మాగారాలు పెట్టి, ఆ సరుకును సుంకం లేకుండా ఇక్కడికి పంపారు. ఇక్కడి తయారీదారులు గగ్గోలు పెట్టిన తరువాత పరిమాణానికి కోటా పెట్టవలసి వచ్చింది. అందువల్ల ఏ వస్తువు మీద సున్నా ఇస్తున్నా, దాని ముడిసరుకు మీద రెండు దేశాల సుంకాలనూ పక్కపక్కన పెట్టి చూడు.

ఇవ్వడంలోనూ నేర్పు ఉంది. 2022లో ఆస్ట్రేలియాతో చేసుకున్న ఒప్పందంలో ద్రాక్ష సారాయిని (వైన్‌ను) ధరను బట్టి విడదీశారు: సీసా ఐదు డాలర్లు దాటితే 150 శాతం సుంకం వెంటనే 100కు, పదేళ్లలో 50కి, పదిహేను డాలర్లు దాటితే వెంటనే 75కు, పదేళ్లలో 25కు తగ్గుతుంది. అంతకంటే చవక సీసాకు రాయితీ లేదు. వారికి గొప్పగా చెప్పుకోవడానికి ఒక విజయం దక్కింది, నాసిక్ ద్రాక్ష రైతు సరుకు అమ్ముడయ్యే చవక శ్రేణి అలాగే నిలిచింది. ఆ పద్ధతి నాకెంతో నచ్చింది. అయితే పాలు, పాల ఉత్పత్తుల విషయంలో ఇటువంటి మధ్యేమార్గం కూడా వద్దనే నా అభిప్రాయం. రెండు గేదెలతో ఇల్లు నడుపుకునే కుటుంబాలకు ఇంకో దారి చూపించేదాకా ఆ తలుపు తీయకూడదు, ఆ సంగతి అవతలివారికి మొదటి రోజే మర్యాదగా, స్పష్టంగా చెప్పాలి.

సుంకం సున్నా అయినంత మాత్రాన సరుకు రేవు దాటదు. భీమవరం రొయ్యకు యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలే పెద్ద అడ్డంకి కావచ్చు. పరీక్షల సంఖ్య, మన ప్రయోగశాలల నివేదికకు గుర్తింపు వంటివి సుంకాలతో పాటే అడుగు. తరువాత చూద్దామంటే అప్పటికి బదులుగా ఇవ్వడానికి నీ చేతిలో ఏమీ మిగలదు.

మరొక్క సంగతి. హెచ్ఎస్ పట్టిక కొన్నేళ్లకొకసారి మారుతుంది. 2022 పట్టిక తరువాతి కూర్పు 2028 జనవరి 1 నుంచి అమలుకు రానుంది. కోడ్లు విడిపోయి, కలిసిపోయినప్పుడు పాత రాయితీ కొత్త కోడ్లలో తగ్గకుండా కొనసాగుతుందనీ, ఆ మార్పిడి పట్టికను రెండు పక్షాలూ కలిసి, ఫలానా గడువులోగా ప్రకటిస్తాయనీ ఒప్పందంలోనే రాయించు. అది లేని ఒప్పందాల కింద, కోడు కలవలేదన్న కారణంతో ఎగుమతిదారులు పూర్తి సుంకం కట్టి, వాపసు కోసం తిరుగుతుండటం చూశాను.

ఇట్లు,
మీ పెదనాన్న