ఉద్యోగం సరే, మీ అన్నయ్య సంగతేంటి?

మీ ప్రశ్నలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసేసిన వాక్యం ఒకటుంది, నా జవాబంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అడిగిందొకటి, చెప్పేదొకటి అని విసుక్కోకండి.

మీరు అడిగింది ఇదీ. దేవుని సేవకు పూర్తిగా అంకితమవ్వాలని ఉంది, కానీ ఉద్యోగం, ఇంటి లోన్, పిల్లల చదువులు, మీ ఆవిడ భయాలు అడ్డొస్తున్నాయి, వీటిలో ముందు దేన్ని వదిలించుకోవాలి అని. హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం మొదటి వచనం కూడా పెట్టారు, ప్రతి భారాన్నీ, సుళువుగా చిక్కులబెట్టే పాపాన్నీ విడిచిపెట్టి పరుగెత్తుదాం అన్నది. ఆ తర్వాత ఏదో శుభవార్త చెప్తున్నట్టు, "ఆస్తి పంపకాల దగ్గర అన్నయ్యతో మాటలు ఆగిపోయాయి, కాబట్టి అటువైపు బంధాలేమీ లేవు, ఆ విషయంలో ఫ్రీ" అన్నారు.

ఫ్రీ ఏమీ కాదండీ. మీ లిస్టులో అసలైన అడ్డు అదొక్కటే అని నా నమ్మకం. మిగతావన్నీ బాధ్యతలు. బరువుగా ఉంటాయి నిజమే, కానీ బరువుగా ఉన్నదల్లా అడ్డు కాదు.

ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, మా ఇంట్లో చూశాను. మా నాన్న టీచరుగా పనిచేశారు. మా చిన్నప్పటి నుంచి ఆయన నోట ఒకటే మాట, రిటైరయ్యాక ఇక పూర్తిగా సేవే అని. రిటైరయ్యారు. పెన్షన్ వస్తోంది, అప్పుల్లేవు, మా పెళ్లిళ్లు అయిపోయాయి, ఆరోగ్యం బాగుంది. మీరు అడ్డు అని రాసినవాటిలో ఒక్కటీ ఆయనకు లేదు. అయినా సేవ మొదలవలేదు. రేపు మొదలెడతా, వచ్చే నెల మొదలెడతా, ఈ వాయిదా ఒకటి అయిపోనీ.

ఆ వాయిదానే అసలు సంగతి. తాతయ్య కట్టిన ఇంటి గురించి నాన్నకీ బాబాయికీ ఏళ్ల తరబడి కోర్టులో కేసు నడిచింది. కాగితాలన్నీ బీరువా మీద ఒక గుడ్డసంచిలో ఉండేవి. పాత దస్తావేజుల జిరాక్సులు, బాబాయి తరఫు లాయరు పంపిన నోటీసులు, వాయిదా తేదీలు రాసుకున్న చిన్న చిన్న చీటీలు. వాయిదా ముందురోజు రాత్రి సంచి కిందికి దిగేది. మంచం మీద కాగితాలు పరిచి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "ఇటు రా, వీడు ఇక్కడ ఏమని రాయించాడో చూడు" అని అమ్మను పిలిచేవారు. ఆ కాగితం అమ్మకు అప్పటికే కంఠతా వచ్చు. అయినా వచ్చి చూసేది. ఆ తర్వాత కుటుంబ ప్రార్థన. ప్రార్థన మాత్రం ఒక్క రాత్రీ మానలేదు. అందులో "మా శత్రువుల చేతిలోంచి మమ్మల్ని విడిపించు ప్రభువా" అనే మాట తప్పకుండా వచ్చేది, ఆ శత్రువు ఎవరో పిల్లలమైన మాక్కూడా తెలుసు. నేను కళ్లు మూసుకుని బాబాయి మొహం ఊహించుకునేదాన్ని. చిన్నప్పుడు నన్ను సైకిలు మీద తిప్పిన మనిషాయన.

కోర్టుకు వెళ్లొచ్చిన రోజు నాన్న ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. మర్నాడు బైబిలు తెరిచినా చూపు పేజీ మీద ఉండేది కాదు. ఇంటింటి ప్రార్థనల్లో వాక్యం చెప్పమని పిలిస్తే వెళ్లేవారు, బాగా చెప్పేవారు కూడా. యేసు చెప్పిన కొండమీద ప్రసంగం ఆయనకు చాలా ఇష్టం. ఎవరు ధన్యులో చెప్పే ధన్యతల నుంచి మొదలుపెట్టి, ఉప్పు, వెలుగు అన్నీ చెప్పుకుంటూ వచ్చి, మత్తయి 5వ అధ్యాయం 23వ వచనం దగ్గరికి రాగానే ఎటో మలుపు తిరిగి ఇంకెక్కడో తేలేవారు. బలిపీఠం దగ్గర అర్పణ ఇస్తుండగా, నీ మీద నీ సహోదరుడికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి, ముందు వెళ్లి అతనితో సమాధానపడు, ఆ తర్వాత వచ్చి అర్పించు అని చెప్పే చోటు అది.

ఒక సాయంత్రం అలాంటి ప్రసంగానికే నోట్సు రాసుకుంటున్నారు. అమ్మ పక్కన బట్టలు మడతపెడుతూ, తల కూడా ఎత్తకుండా, "ఈసారి కూడా ఆ వచనం దాటేస్తారా?" అంది. అంతే, ఇంకో మాట లేదు. నాన్న పెన్ను మూత పెట్టేశారు. ఆ రోజు ప్రార్థనకు వెళ్లలేదు, ఒంట్లో బాగోలేదని కబురు పంపించారు.

ఆ వచనం గురించి ఒక్కటి చెప్పనివ్వండి, ఎందుకంటే దీన్ని చాలామంది తేలిగ్గా చదివేసి పోతారు. యేసు ఈ మాట అన్నది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేము దేవాలయంలో. మధ్యలో వంద కిలోమీటర్ల పైమాటే, ఆ రోజుల్లో కాలినడకన కొన్ని రోజుల ప్రయాణం. అంత దూరం వచ్చి, వరుసలో నిలబడి, తీరా అర్పణ ఇచ్చే వేళకు అన్న గుర్తొస్తే, అన్నీ అక్కడ పెట్టి వెనక్కి పో అంటున్నారు. మనమేమో దేవుని కోసం ఏమేం వదలాలా అని లిస్టు రాస్తాం, ఆయనేమో నా అర్పణ వదిలిపెట్టి ముందు మీ అన్న దగ్గరికి పో అంటారు. ఇంకో సంగతి గమనించండి, అక్కడ ఉన్నది నీకు అతని మీద కోపం ఉంటే అని కాదు, అతనికి నీ మీద ఉంటే అని. తప్పు నాది కాదు కాబట్టి నేనెందుకు వెళ్లాలి అనే దారి కూడా మూసేశారు.

సరే, నాన్న దగ్గరికొస్తే, కొన్నాళ్లకు లాయరు దగ్గరికెళ్లి కేసు వెనక్కి తీసుకుంటానన్నారు. తోడుగా నేనూ వెళ్లాను. లాయరుగారు కుర్చీలో వెనక్కి వాలి, "గెలిచే కేసండీ ఇది, ఇప్పుడా?" అన్నారు. నాన్న తల ఊపారు. ఆయన ఇంకా ఏదో నచ్చజెప్పబోతుంటే, "సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి" అన్నారు. సంతకం పెట్టేటప్పుడు చేయి వణికింది. అది వయసు వణుకు కాదు, అదే చేత్తో మా పిల్లలకు చక్కటి గుండ్రటి అక్షరాలు దిద్దించేవారు.

ఆ తర్వాత బాబాయి ఇంటికి వెళ్లాం. మీరేదో అన్నదమ్ములు కౌగిలించుకుని ఏడ్చారని రాస్తానని ఎదురుచూస్తున్నారేమో. బాబాయి గుమ్మంలోనే నిలబడి అంతా విని, "ఇందులో తిరకాసేంటి?" అన్నాడు. లోపలికి రమ్మనడానికి చాలాసేపు పట్టింది. ఇప్పటికీ వాళ్లిద్దరూ కబుర్లు చెప్పుకునే అన్నదమ్ములేమీ కాదు. పెళ్లిళ్లకు పిలుచుకుంటారు, బాగున్నావా అంటే బాగున్నా అనుకుంటారు. ఇల్లు బాబాయికే వెళ్లింది, ఆయన దాన్ని అమ్మేశాడు కూడా. కానీ ఆ సంచి బీరువా మీంచి పోయింది, నాన్న ప్రార్థనలో శత్రువులు లేకుండా పోయారు, ఆ ఏడాదే ఆయన ఆసుపత్రుల్లో రోగుల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరూ చూడ్డానికి రానివాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పేది వినడం, అడిగితే ప్రార్థన చేయడం. అదే ఆయన ఫుల్‌టైమ్ సేవ. మైకు లేదు, పోస్టరు లేదు.

అమ్మకు మాత్రం ఇప్పటికీ ఒక కంప్లయింట్ ఉంది. "ఆస్తి వదులుకున్నందుకు కాదు, నాతో ఒక్కమాట చెప్పి వదలాల్సింది" అంటుంది. ఆ వాటా డబ్బుతో ఆమెకూ కొన్ని ఆలోచనలు ఉండేవి. నాన్న దీనికి జవాబు చెప్పరు, చెప్పడానికి జవాబు లేదు కూడా. ఈ విషయంలో నేను నూటికి నూరుపాళ్లు అమ్మ పక్షం.

మీలో ఎవరైనా ఇది చదివి, అయితే అన్యాయం జరిగినవాళ్లంతా కేసులు వాపసు తీసుకోవాలా అంటారేమో, నేను ఆ మాట అనడం లేదు. ముఖ్యంగా ఆడపిల్ల వాటా అడిగితే "క్షమించి వదిలెయ్యమ్మా, విశ్వాసురాలివి కదా" అని మింగేసే అన్నదమ్ములు ఈ జవాబును ప్రింటు తీసి వాడుకోవద్దు. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు నిలబడి మా నాన్న స్వాస్థ్యం, అంటే వారసత్వంగా రావాల్సిన భూమి, మాకివ్వండి అని అడిగారు, వాళ్లు అడిగింది న్యాయమే అని దేవుడే చెప్పాడు. హక్కు అడగడం వేరు. నాన్నది హక్కు దగ్గర మొదలై, బాబాయి ఓడిపోవడం చూడాలనే దగ్గరికి చేరింది. తేడా బయటివాళ్లకు కనబడదు, ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. లూకా 12లో ఒకాయన గుంపులోంచి, బోధకుడా, ఆస్తిలో నా భాగం పంచమని నా సహోదరుడితో చెప్పు అంటే, మీ మీద నన్ను తీర్పరిగా ఎవరు పెట్టారు అని యేసు తప్పుకుని, వెంటనే లోభం గురించి జాగ్రత్త అన్నారు. అతని వాటా న్యాయమైనదే అయ్యుండొచ్చు. అయినా ఆయన అక్కడ చూసింది వాటాను కాదు.

ఇక మీ ఉద్యోగం. ఇక్కడ నాకు కొంచెం మంట ఉంది, ముందే చెప్తున్నా. "దేవుని కోసం పెద్ద జీతం వదిలేశాను" అని సంఘంలో సాక్ష్యం చెప్పే అన్నలను చాలామందిని విన్నాను. జీతం ఎంతో అంకెతో సహా చెప్తారు. వదిలేసినదాన్ని అంత జాగ్రత్తగా లెక్క గుర్తుపెట్టుకుంటే అది వదిలినట్టెలా అవుతుందో నాకర్థం కాదు. పైగా ఆ సాక్ష్యంలో భార్య ఎప్పుడూ ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. ఆయన దించుకున్న బరువు ఎవరి నెత్తినెక్కిందో ఆ ఒక్క వాక్యంలో ఉంటుంది. ఆవిడ ఉదయం ఒక ఉద్యోగం, సాయంత్రం ట్యూషన్లు చెప్పి ఇల్లు నడుపుతుంటే ఈయన విశ్వాసంతో బతుకుతున్నానని చెప్పుకుంటారు.

బైబిల్లో వదిలేసినవాళ్లు ఇలా వదల్లేదండీ. ఎలీషా 12 అరకలతో దున్నుతున్న ఇంటివాడు. ఏలీయా ప్రవక్త పిలిస్తే అమ్మానాన్నలకు ముద్దుపెట్టి వస్తానని వెనక్కి వెళ్లాడు, తను దున్నుతున్న ఎద్దుల్ని కోసి, ఆ కాడి కర్రలతోనే వంట చేసి జనానికి పెట్టి మరీ వెళ్లాడు. వెళ్లి ఏం చేశాడంటే, ఏలీయా చేతుల మీద నీళ్లు పోశాడు. తర్వాత రాజుల ముందు అతన్ని పరిచయం చేసిందే ఆ మాటతో, 2 రాజులు 3లో చూడండి. రాజీనామా ఇచ్చిన మర్నాడే ప్రసంగ వేదిక కావాలనేవాళ్లు ఒకసారి చదివితే మంచిది. అన్నీ వదిలి యేసును వెంబడించాడని చెప్పే శిష్యుడు పేతురు, ఆ తర్వాత భార్యను వెంటబెట్టుకునే తిరిగాడని 1 కొరింథీయులకు 9లో పౌలు రాశాడు. ఊరూరా సువార్త చెప్పిన ఆ పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు. యేసు సిలువ మీద ఉండి కూడా తల్లిని శిష్యుడికి అప్పగించారు, ఇప్పుడు నాకున్న పనికి అమ్మ అడ్డు అనలేదు.

తల్లిదండ్రుల్ని, భార్యాపిల్లల్ని ద్వేషించకపోతే నా శిష్యుడు కాలేడు అన్న లూకా 14:26 మీరు మీ ప్రశ్న కింద ఇంకొకరికి జవాబుగా పెట్టారు. దాని తర్వాత ఒక్క వచనం దాటితే, గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ఉంది. రెండూ ఒకే అధ్యాయం, ఒకే ప్రసంగం. మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం కుదరదు.

అందుకే నేనైతే ఈ వరసలో వెళ్తాను. ముందు అన్నయ్యకు ఫోన్. ఆయన ఎత్తకపోవచ్చు, ఎత్తి తిట్టొచ్చు, తిరకాసేంటి అనొచ్చు. మీ వంతు మీరు చేయండి, ఆస్తి వదలాలో వద్దో తర్వాత తేలుతుంది, దాన్ని మాత్రం మీ ఆవిడతో చెప్పకుండా తేల్చకండి. ఉద్యోగం చేస్తూనే సంఘంలో ఎవరూ ముందుకు రాని పని ఒకటి తీసుకోండి, వృద్ధుల్ని ఆసుపత్రికి తీసుకెళ్లడమో, ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దడమో, ఏదైనా సరే. కొన్ని నెలలు అలా చేశాక కూడా ఉద్యోగమే అడ్డు అనిపిస్తే, ఇద్దరూ కూర్చుని లోన్ ఎంత మిగిలిందో చూసుకుని, ఇద్దరికీ సరే అనిపించిన తేదీన రాజీనామా ఇవ్వండి. ఆవిడ ఇంకొన్నాళ్లు ఆగుదామంటే ఆగండి. దాన్ని విశ్వాసలోపం అని ఎవరైనా అంటే, ఆయన ఇంటి ఈఎంఐ ఎవరు కడుతున్నారో ఒకసారి మర్యాదగా అడిగి చూడండి.