‘కాస్ట్యూమ్ ఆఫ్ చైనా’ బొమ్మ అసలుదేనా? ఫ్రేము ఎలా కట్టించాలి?

ప్రశ్న క్లుప్తంగా: పాత సామాన్ల దుకాణంలో కొన్న రంగుల బొమ్మ, చైనా మంగలిది. కింద ‘పు-కువా, కాంటన్, డెలిన్’, ‘డాడ్లీ, లండన్, స్కల్ప్ట్’, 1799 తేదీ, డబ్ల్యూ. మిల్లర్ పేరు ఉన్నాయి. భూతద్దంలో చుక్కలు కనిపిస్తున్నాయి. ఇది ఈమధ్య ప్రెస్సులో కొట్టిన నకలా?

చుక్కలు చూసి దిగులు పడకండి. ఈ బొమ్మలో చుక్కలు ఉండాల్సిందే. మేజర్ జార్జ్ హెన్రీ మేసన్ పేరుతో 1800లో లండన్‌లో వచ్చిన ‘కాస్ట్యూమ్ ఆఫ్ చైనా’ అనే పుస్తకంలోది ఈ బొమ్మ. మొత్తం 60 బొమ్మలు, వాటికి ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ వివరణ. ‘డెలిన్’ అంటే గీసినవాడు, ‘స్కల్ప్ట్’ అంటే చెక్కినవాడు, మిల్లర్ ప్రచురణకర్త. చైనా రేవుపట్నం కాంటన్‌కు చెందిన చిత్రకారుడు పు-కువా గీసినవాటిని డాడ్లీ రాగిరేకు మీద చుక్కలు పొడుస్తూ చెక్కాడు. ఈ పద్ధతిని స్టిపుల్ అంటారు. అచ్చయ్యాక మనుషులు కుంచె పట్టుకుని రంగులు వేశారు.

మీరు చూడాల్సింది ఆ చుక్కల వరస. కంసాలులు వాడే, 10 రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దమైన లూప్‌తో ముఖం, చేతులు చూడండి. స్టిపుల్ చుక్కలు చిన్నాపెద్దా కలిసి, నీడ ఉన్నచోట దగ్గరగా, వెలుగు ఉన్నచోట ఎడంగా ఉంటాయి. ఆ చుక్కలన్నీ ఒకే సిరావి. రంగు మాత్రం చుక్కల్లేకుండా పైన పొరలా పరుచుకుని ఉంటుంది, అక్కడక్కడ గీత దాటి పక్కకు జారుతుంది. ఆఫ్‌సెట్ ప్రెస్సు నకలైతే రంగే చుక్కలుగా విడిపోతుంది. నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలు జల్లెడ కన్నాల్లా క్రమంగా కనిపిస్తాయి. ముదురు రంగులున్న చోట బొమ్మను వాల్చి చూస్తే తుమ్మజిగురు మెరుపు కనబడవచ్చు. ఉంటే మంచి గుర్తే గానీ లేనంత మాత్రాన నకలని కాదు.

తర్వాత కాగితం. పక్కనుంచి టార్చి వెలుగు పడేలా పట్టుకుంటే బొమ్మ చుట్టూ రాగిరేకు అంచు నొక్కిన పల్లం కనిపించాలి. అంచులు కత్తిరించేసి ఉంటే ఆ గుర్తు పోతుంది. చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే, 1950ల తర్వాతి కాగితాలు చాలావరకు తెల్లటి నీలంగా మెరుస్తాయి. పాత గుడ్డపీలికల కాగితం అలా మెరవదు.

కింద 1799 అని ఉంది కదా అని ఆ ఏడే అచ్చయిందనుకోకండి. అది రేకుకు చెందిన తేదీ. 1735లో అమల్లోకి వచ్చిన ఇంగ్లండు చట్టం ప్రకారం, హక్కు నిలవాలంటే యజమాని పేరూ ప్రచురణ తేదీ రేకు మీద చెక్కాలి. అదే రేకుతో ఏళ్ల తరబడి అచ్చు వేసుకునేవారు. ముఖపత్రం మీద 1800 అని ఉండి, లోపలి కాగితంలో 1810ల తేదీ గల తయారీదారు గుర్తు, అంటే వాటర్‌మార్క్ ఉన్న ప్రతులు ఉన్నాయి. కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి ‘వాట్‌మన్’ అనే కాగితం తయారీదారు పేరు, పక్కన సంవత్సరం కోసం వెతకండి. విడి బొమ్మలో వాటర్‌మార్క్ ముక్క పడకపోవచ్చు. అలాంటప్పుడు అమ్మేవాళ్లు ‘1799 నాటి ప్రతి’ అని ఖాయంగా చెబితే నమ్మి ఎక్కువ ధర పెట్టకండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష బొమ్మలోని మనిషి బట్టల్లోనే ఉంది. ఆ రోజుల్లో యూరప్‌లో ఒకరి పుస్తకంలోని బొమ్మలను మరొకరు చూసి చెక్కుకునేవారు. రేకు మీద ఉన్నదున్నట్టు చెక్కితే అచ్చులో కుడి ఎడమవుతుంది. శ్రద్ధ గలవాడు తిప్పి చెక్కుతాడు, తొందరపడే నకలుగాడు తిప్పడు. చింగ్ రాజవంశ కాలపు చైనా అంగీలో ఎడమ భాగం రొమ్ము మీదుగా వచ్చి, తొడుక్కున్నవాడి కుడిపక్కన గుండీలతో బిగుస్తుంది. జపాన్ కిమోనోలో ఎడమ అంచు పైన ఉంటుంది, శవానికి మాత్రమే తిరగేసి కడతారు. మన మొఘల్ కాలపు జామా అనే పొడవాటి అంగీకి ముస్లింలు కుడిపక్క, హిందువులు ఎడమపక్క ముడి వేసుకునేవారు. కత్తి సాధారణంగా ఎడమ నడుముకే వేలాడుతుంది. రెండు మూడు గుర్తులు ఒకేసారి తారుమారైతే అది ఏదో పుస్తకం చూసి చెక్కిన నకలే. అదీ రెండొందల ఏళ్ల నాటిదే కావచ్చు. కానీ దుస్తులకు సాక్ష్యంగా దాన్ని వాడుకోకూడదు.

ఇండియా బొమ్మల్లోనూ ఇదే జాగ్రత్త. యూరప్ చిత్రకారుడు బాల్తజార్ సోల్విన్స్ 1791 నుంచి 1803 దాకా ఇండియాలో ఉండి, కలకత్తాలో కళ్లారా చూసి గీశాడు. పారిస్‌లో 1808–12 మధ్య 4 సంపుటాల్లో 288 బొమ్మలతో పెద్ద పుస్తకం తెచ్చాడు. అంతకుముందే లండన్‌లో ప్రచురణకర్త ఎడ్వర్డ్ ఓర్మ్ అతని అనుమతి లేకుండా 60 బొమ్మలను మెరుగుదిద్ది అమ్మాడు. గోడకు ఓర్మ్ బొమ్మ అందంగా ఉంటుంది. బట్టల సంగతి తెలుసుకోవాలంటే మాత్రం నేను సోల్విన్స్ వైపే. ఇంకో మాట, కింద ‘జెంటూ’ అని ఉంటే తొందరపడి తెలుగువాళ్లనుకోకండి. మద్రాసు ఇంగ్లీషువాళ్లు తెలుగును అలా పిలిచేవారు గానీ మిగతాచోట్ల ఆ మాటకు హిందువులనే అర్థం.

ఇక ఫ్రేము. ఎక్కువ బొమ్మలు పాడయ్యేది ఇక్కడే. ఫ్రేము దుకాణంలో ఫెవికాల్‌తో హార్డ్‌బోర్డుకు అంటించనివ్వకండి, తర్వాత ఊడదీయడం దాదాపు అసాధ్యం. బైండింగువాళ్ల మైదా జిగురూ వద్దు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు, ఆ రాగి కాగితాన్ని తినేస్తుంది. ఆమ్లం లేని నూలు బోర్డు మీరే కొని ఇవ్వండి. పైఅంచున మాత్రమే రెండు చోట్ల, జపనీస్ కాగితం ముక్కలను గోధుమ గంజితో అంటించి బొమ్మను వేలాడదీయమనండి. కింది అంచు వదులుగా ఉండాలి, వానాకాలం కాగితం సాగుతుంది. అద్దం బొమ్మకు తగలకుండా కిటికీలా కోసిన అట్ట (మౌంట్) పెట్టించండి. గోడకూ ఫ్రేముకూ మధ్య గాలాడేలా వెనక మూలల్లో కార్క్ ముక్కలు అంటించండి.

మచ్చలున్నాయని నీళ్లతో కడగొద్దు, ఆ రంగులు తుమ్మజిగురుతో కలిపినవి, కరిగిపోతాయి. తెల్లగా ఉండాల్సిన చోట బూడిదరంగో నలుపో కనిపిస్తే అది మురికి కాకపోవచ్చు. సీసపు తెలుపు గాలిలోని గంధకంతో కలిసి నల్లబడి ఉంటుంది, దాన్ని పాత కాగితాలను బాగుచేసే నిపుణుడు, అంటే కాగితపు కన్సర్వేటరే సరిచెయ్యాలి. ఎండ పడే గోడకు తగిలిస్తే ముందు ఎరుపు పోతుంది, ఊదా రంగు నీలంగా మిగులుతుంది.