చెట్టు కొమ్మకు కప్పీ కట్టి బరువు ఎత్తితే శ్రమ ఎంత తగ్గుతుంది?

100 కిలోల దుంగను ఎత్తడానికి కొమ్మకు ఒక కప్పీ కడితే సగం బలం సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. పైన కదలకుండా ఉండే కప్పీ లాగే దిశను మాత్రమే మారుస్తుంది, బలం మొత్తం మీరు పెట్టాల్సిందే. శ్రమ తగ్గాలంటే కప్పీ కూడా బరువుతో పాటు పైకి కదలాలి. తాడు ఒక కొనను కొమ్మకు కట్టి, దుంగకు తగిలించిన కప్పీలోంచి పోనిచ్చి, మళ్లీ పై కప్పీ మీదుగా కిందికి తెస్తే దుంగను రెండు పాయలు మోస్తాయి. అప్పుడు 50 కిలోల బలం చాలు. బదులుగా దుంగ 1 మీటరు లేవాలంటే 2 మీటర్ల తాడు లాగాలి. ఇది కాగితం మీద లెక్క. రాపిడి వల్ల చేతికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. కప్పీ బదులు ఉత్తి ఇనుప కొక్కెం వాడితే లాభంలో చాలా భాగం రాపిడికే పోతుంది.

నాకు అసలు టెన్షన్ కొమ్మ గురించే. ఒక్క కప్పీ పద్ధతిలో దుంగ వైపు 100, మీరు లాగే వైపు 100, మొత్తం 200 కిలోల భారం కొమ్మ మీద పడుతుంది. చాలామంది ఇది లెక్కలోకి తీసుకోరు. రెండు పాయల పద్ధతిలో అది 150. ఎండిన కొమ్మ, పుచ్చిన కొమ్మ అస్సలు వద్దు. కప్పీని మానుకు దగ్గరగా కట్టండి. ముడి వేసిన చోట తాడు బలం తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

మధ్యలో ఆగాల్సి వస్తే తాడును పక్క చెట్టు మానుకు రెండు మూడు చుట్లు తిప్పి పట్టుకోండి, చేతికి మాత్రం చుట్టుకోవద్దు. బరువు కింద ఎవరూ నిలబడకూడదు.