ఉప్పునేలలో గన్నేరు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

బందరులో కొత్త ఇంటి చుట్టూ పెట్టిన గులాబీలు, సన్నజాజులు ఆకుల అంచులు మాడి ఎండిపోయాయని రాశావు. బోరు నీళ్లు పోసిన చోట మట్టి మీద తెల్లగా పేరుకున్నది ఉప్పే. ఎరువు చాల్లేదనుకుని యూరియా చల్లావంటే మరింత మాడతాయి. వాటి మీద ఆశ వదులుకుని గన్నేరు పెట్టు.

హైవే మధ్యలో ఉండే మొక్కేగా అని ముఖం చిట్లించకు. లారీల పొగలో, నడినెత్తి ఎండలో, ట్యాంకరు వచ్చిన రోజే నీళ్లు తాగి అన్ని పూలు పూస్తుంటే దానికి చిన్నచూపు దేనికి? ఒక ఆకు కోసి అడుగు భాగం భూతద్దంలో చూడు. సన్నని గుంటలు, వాటి నిండా నూగు కనిపిస్తాయి. ఆకు గాలి పీల్చే రంధ్రాలు ఆ గుంటల్లో దాక్కుని ఉంటాయి కాబట్టి వడగాలికి తేమ తొందరగా ఆరిపోదు. చూశాక చేతులు కడుక్కో, ఎందుకో తరువాత చెబుతాను.

అమెరికాలో హ్యూస్టన్‌లో ఉన్న మీ అన్నయ్యకు గాల్వెస్టన్ అనే సముద్రపు దీవి ఊరు దగ్గరే. 1900లో తుపానుకు సముద్రం ఆ ఊరినంతా ముంచేస్తే, తరువాత వీధుల వెంట మళ్లీ నాటిన చెట్లలో గన్నేరుది పెద్ద పీట.

తొలకరి పడ్డాక పెన్సిలంత లావు, జానెడు పొడవు కొమ్మలు కత్తిరించి, కింది ఆకులు తీసేసి, సీసాడు మంచినీళ్లలో నిలబెట్టు. కొన్ని వారాల్లో వేళ్లు వస్తాయి. మీది బంకమట్టి కదా, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి, చిన్న దిబ్బలా ఎత్తు చేసి నాటు. ఉప్పుకు ఓర్చుకుంటుంది గానీ నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. నీడలో పెడితే ఆకులే తప్ప పూలు రావు. మొదటి ఏడాది కుళాయి నీళ్లో, వాన నీళ్లో పోస్తూ ఉండు. వేళ్లూనుకున్నాక బోరు నీళ్లు పర్వాలేదు.

ముఖ్యమైనది నీళ్లు పోసే తీరు. రోజూ చెంబెడు చిలకరిస్తే ఉప్పు పైపొరలోనే పేరుకుంటుంది. మట్టి బాగా ఆరనిచ్చి, పోసిన రోజున నేల అడుగుదాకా తడిసేలా పోస్తే ఉప్పు వేళ్ల కిందికి దిగిపోతుంది. ఆకుల మీద మాత్రం ఉప్పునీళ్లు కొట్టవద్దు.

పూత కొత్త కొమ్మల చివర వస్తుంది. ఒక విడత పూత అయిపోగానే కొమ్మలను మూడో వంతు కత్తిరించు. చిగుళ్లకు పసుపుపచ్చని పేనుబంక పట్టడం మామూలే. నీళ్ల ధారతో కడిగేస్తే చాలు, అక్షింతల పురుగులు మిగతా పని చూసుకుంటాయి.

ఇక చేతుల సంగతి. ఈ చెట్టు ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. పచ్చగన్నేరు వేరే చెట్టు, దాని పప్పు ప్రాణాలు తీస్తుంది, అది అసలే వద్దు. కత్తిరించేటప్పుడు చేతికి తొడుగులు వేసుకో. కొమ్మలు పొయ్యిలో పెట్టకు, మంట వేయకు, పొగ కూడా మంచిది కాదు. పశువుల మేతలో కలవనివ్వకు. పాపాయి ఇంకా దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసులోనే ఉంది కాబట్టి గుమ్మం పక్కన కాదు, ప్రహరీ గోడ వెంట, పాపకు అందకుండా మధ్యలో కంచె వేసి నాటు.

ఒంటిరేకు తెల్లది, ముద్ద గులాబీరంగుది మన పెరట్లో ఉన్నాయి. వానలు మొదలవగానే కొమ్మలు పంపిస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ